శుక్రవారపు రొట్టె

సువార్తమ్మ ఆంటీ పోయిందన్న కబురు మా ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో చావు వార్తలకి విడిగా చోటు ఉండదు. ఉదయించే సూర్యుడి మీద రాసిన వాక్యాలకీ, ఎవరో అమ్మకానికి పెట్టిన వాషింగ్ మిషన్ ఫొటోకీ మధ్య ఇరుక్కుని వస్తాయి. "ప్రభువునందు నిద్రించారు" అని కింద ఆమె కొడుకు నంబరు ఇచ్చారు. అప్పటికే ఇరవైమంది దణ్ణాలు పెట్టేశారు, ఒకాయన మాత్రం పొరపాటున బొటనవేలు పైకెత్తాడు. నేను ఆ బొటనవేలు చూసి నవ్వబోయి, పేరు రెండోసారి చదివి ఆగిపోయాను. హాల్లో నాన్న చర్చికని తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఫోను ఆయన ముందు పెట్టాను. చదివాడు. ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసి, సగం చొక్కా నలిగి సగం చొక్కా సాపుగా ఉన్న ఆ బల్ల ముందే నిలబడిపోయాడు. వంటింట్లోంచి అమ్మ "ఎవరట?" అని అడిగింది. పొయ్యి మీది కుక్కర్ దించేసి వచ్చి, ఫోను తీసుకుని చదివింది.

నాకు జ్ఞాపకాలు రాసే వయసు ఇంకా రాలేదని తెలుసు. కానీ కువైట్‌లో మేమున్న ఫర్వానియా ఫ్లాటు సంగతి నేను రాయకపోతే ఎవరూ రాయరు, ఎందుకంటే ఆ బిల్డింగునే కొట్టేశారు. రెండు గదులు, ఒక హాలు. లిఫ్టులో కిందింటివాళ్ళ బఖూర్ సాంబ్రాణి పొగ వాసన, మా అంతస్తులో అమ్మ చేపల పులుసు వాసన, తలుపు తీస్తే అమ్మ యూనిఫారానికి అంటుకున్న ఆసుపత్రి వాసన. వరస మారేది కాదు. శుక్రవారం తెల్లారగానే సోఫాలు గోడకి నిలబెట్టి ప్లాస్టిక్ చాపలు పరిచేవాళ్ళం. అమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోకుండా స్నానం చేసి పప్పుచారు పెట్టేది. నాన్న అహ్మదిలో ఆయిల్ కంపెనీ కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియన్, మా హాల్లో మాత్రం సంఘపెద్ద. దేవదానం బ్రదర్ అంటే సాల్మియా దాకా తెలుసు. వాక్యం చెప్పేటప్పుడు "మొదటిది", "రెండవది" అంటూ వేళ్ళు మడిచేవాడు. ఐదో వేలు మడిచాక మళ్ళీ మొదటి వేలు తెరిచేవాడు, అది చూడగానే పిల్లలందరం నీరసపడిపోయేవాళ్ళం. కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడేవాళ్ళం. జుమ్మా నమాజుకి రోడ్లు నిండక ముందే ముగించాలి. ప్రభువు రాకడ ఎప్పుడో తెలియదు గానీ ట్రాఫిక్ రాకడ మాకు బాగా తెలుసు.

సువార్తమ్మ ఆంటీది రాజోలు దగ్గర ఊరు. ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటావిడని అందరు పనివాళ్ళలాగే మామా, అంటే అమ్మా, అని పిలిచేది. మామా ఆమెకి శుక్రవారం పొద్దున సెలవిచ్చేది, అదీ ఇంట్లో విందులేవీ లేకపోతే. డ్రైవరు దింపిపోయి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చి హారన్ కొట్టేవాడు. మా ఇంటికి రాగానే చున్నీ నడుముకి చుట్టి ఉల్లిపాయలు ముందేసుకునేది. అక్కడా కోసి, ఇక్కడా కోయడం ఎందుకు ఆంటీ అని అడిగాను ఒకసారి.

"అక్కడ ఆళ్ళ మజ్బూస్ బిర్యానీకి కోత్తానమ్మా, ఇక్కడ మనోళ్ళకి కోత్తాను. కళ్ళమ్మట నీళ్ళు రెండు సోట్లా వత్తాయిలే" అంది.

ఇక మా గొడవ. బైబిలు మీద గొడవలు పడటానికి మా వాళ్ళకి స్థలమూ సమయమూ తక్కువైనా ఉత్సాహం తక్కువ కాదు. ద్రాక్షారసం పులిసినదా పులియనిదా అన్న తగాదా ఒక్కటే కువైట్ ప్రభుత్వం మద్యనిషేధంతో మా తరఫున ముందే తీర్చేసింది. మిగతావన్నీ మాకే వదిలేసింది. అన్నిటికన్నా పెద్దది రొట్టె విరిచే రోజు. అపొస్తలుల కార్యాల్లో శిష్యులు వారంలో మొదటి రోజున రొట్టె విరవడానికి కూడుకున్నారని ఉంది. మొదటి రోజంటే ఆదివారం, ప్రభువు తిరిగి లేచిన రోజు. కాబట్టి పాటలు, ప్రార్థన, వాక్యం శుక్రవారం పెట్టుకోవచ్చు, ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టే రసమూ, మాత్రం ఆదివారమే అన్నది నాన్న సిద్ధాంతం. ఈ దేశంలో ఆదివారం అంటే స్కూలు, ఆఫీసు, ట్రాఫిక్ జామ్ అన్నీ మొదలయ్యే రోజు. ప్రభువు లేచిన రోజున నాకు లెక్కల పరీక్ష ఉండేది. సాయంత్రం నాన్న కంపెనీ బస్సు దిగి వచ్చాక, ఇక్కడ కాపురాలున్నవాళ్ళూ డ్యూటీ లేని నర్సులూ వచ్చేవారు. శుక్రవారం హాలు సరిపోయేది కాదు, ఆదివారం సోఫాలు మిగిలేవి. ఇళ్ళలో పనిచేసే వాళ్ళెవరూ ఆదివారం రాలేరు. రెస్టారెంటులో వంటచేసే ప్రసాదు అంకుల్ ఒకసారి, యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కదా బ్రదర్, శనివారం చీకటి పడ్డాక పెట్టుకుందామా అని అడిగాడు. నాన్న దాని మీద ఒక గంట ఆలోచించాడు. కానీ పనివాళ్ళకి శనివారమూ సెలవు లేదు. శుక్రవారాన్ని ఆదివారం చేసే గడియారం భూమ్మీద ఎక్కడా లేదని నేనన్నాను. వెళ్ళి చదువుకోమన్నారు.

సువార్తమ్మ ఆంటీ ఈ గొడవలో ఎలా ఇరుక్కుందో చెప్పాలి. ఆమె పుట్టింది చిలకరింపు బాప్తిస్మం ఇచ్చే సంఘంలో. ఊరికి వెళ్ళినప్పుడల్లా అక్కడి గుళ్ళో సంస్కారం, వాళ్ళ మాటలో బల్లే, తీసుకునేది. అది బాప్తిస్మం కాదనీ, మనిషి మారుమనసు పొంది నీళ్ళలో మునగాలనీ, అది లేకుండా తినే రొట్టె అయోగ్యంగా తినడమేననీ నాన్న శుక్రవారాల్లో వేళ్ళు మడిచి చెప్పాడు. ఆమె విని, భయపడి, సిద్ధపడింది. ఒక అన్న విల్లా వెనక పెరట్లో, డాల్ఫిన్ బొమ్మలున్న గాలితొట్టిలో, ఒక శుక్రవారం నాన్నే ముంచాడు. ఆమె పొడుగు మనిషి. తల మునిగితే కాళ్ళు తేలాయి. తొట్టి పక్కన నిలబడ్డ పెద్దల్లో ఒకాయన, ఎడమకాలి బొటనవేలు మునగలేదని అభ్యంతరం చెప్పాడు. అక్కడే తడిబట్టల్లో ఆమెని నిలబెట్టి పావుగంట చర్చించారు. చివరికి మోకాళ్ళు పట్టి ఇంకోసారి ముంచారు. "ఈసారి బాగా మునిగానాండి?" అని అడిగిందామె, పళ్ళు టకటకలాడుతుంటే. చిన్నప్పటి చిలకరింపు కూడా కలుపుకుంటే మూడుసార్లు బాప్తిస్మం పొందిన మనిషి. ఆ మీదట ఊళ్ళో సంస్కారం తీసుకోకూడదని నాన్న చెప్పాడు. ఇక ఆమె బల్ల ఇక్కడే. ఆ బల్ల ఆదివారం. ఆదివారం ఆమెకి సెలవు లేదు. ఆ సాయంత్రం అమ్మ తడి తువ్వాళ్ళు ఆరేస్తూ, "ముంచడానికి శుక్రవారం పనికొచ్చింది, పెట్టడానికి పనికిరాదా?" అంది. నాన్న రెండు వేళ్ళు మడిచి, తర్వాతది దొరక్క చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఏడాదిన్నర అలా గడిచింది. ఆంటీ ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఆదివారం విరిచిన రొట్టె ఎలా ఉంటుంది, ఎవరెవరు వచ్చారు అని మాత్రం నన్ను అడిగేది. సినిమాకి వెళ్ళలేనివాళ్ళు కథ అడిగినట్టు. చివరికి అమ్మ ఒక ఆదివారం విరిచిన రొట్టెలోంచి చిన్న ముక్క తీసి, ఫాయిల్‌లో చుట్టి, ఫ్రిజ్‌లో దాచింది. శుక్రవారం ఆంటీకి వంటింట్లో ఇవ్వాలని. ఆ రొట్టె అమ్మ చేసేదే. పులియని మైదా రొట్టె, నూనె లేకుండా పెనం మీద కాల్చేది. శుక్రవారం పొద్దున నాన్న ఓవర్‌టైమ్ షిఫ్టు నుంచి ఆకలితో వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. మేం వెళ్ళేసరికి ప్లేటులో ఆవకాయ వేసుకుని ఆఖరి ముక్క నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ వారం మా నాన్న బల్లలో రెండుసార్లు పాలుపొందాడు, రెండోసారి ఊరగాయతో.

అమ్మ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అది కాసేపటికి ఏడుపయింది. సరిగ్గా అప్పుడే సువార్తమ్మ ఆంటీ లోపలికి వచ్చింది.

"ఏవైందండి సిస్టరమ్మా?"

"నీ రొట్టె తినేశారు మీ బ్రదర్ గారు."

నాన్నకి విషయం అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక ప్లేటు పక్కన పెట్టి, ఆరాధన అయిపోయాక అది మామూలు రొట్టే, దాన్ని దాచి పంచిపెట్టమని వాక్యంలో ఎక్కడా లేదు అన్నాడు.

"అలాగైతే మీరు తిన్నదాని గురించి బాధపడకండి. ఆవిడకి ఇవ్వలేకపోయినదాని గురించి పడండి" అంది అమ్మ.

"నేను రాసిందా అది? రాసి ఉన్నది చెప్తున్నాను."

"ఈవిడకి సెలవు ఏ రోజో అందులో రాసి లేదు కదా."

సువార్తమ్మ ఆంటీ ఇద్దరి మధ్యా నిలబడి, "నా మూలంగా మీరు తగువాడుకోకండి. నేను ఆదివారం అడుగుతానండి మామాని" అంది. ఉల్లిపాయలు తీసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

అడిగింది. తర్వాతి శుక్రవారం వచ్చి ఆ సంభాషణ మాకు నటించి చూపించింది. "జుమ్మా రోజు ఇత్తన్నాను కదా, మళ్ళీ ఆదివారం ఎందుకు, ఆరోజు మీకు వేరే దేవుడా అందండి మామా."

"మరి నువ్వేమన్నావ్?" అన్నాడు నాన్న.

"దేవుడు ఒకడే మామా, మా బ్రదర్ గారే వేరు అన్నానండి."

హాలంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా. మామా ఒక ఆదివారం సాయంత్రానికి ఒప్పుకుంది. బదులుగా ఆ నెలలో శుక్రవారాలన్నీ ఖలాస్. ఆంటీ ఒప్పుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచే ఆకాశం పసుపుపచ్చగా తిరిగింది. ఇక్కడ దుమ్ము తుఫాను కొత్త కాదు. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి, పళ్ళ కింద ఇసుక నములుతూ కూర్చుంటాం. ఆంటీ చెప్పిన వేళకే వచ్చింది. తెల్ల చున్నీ, ఇస్త్రీ చేసిన చుడీదారు. బల్లకని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అమ్మ టీ ఇవ్వబోతే, "రొట్టె అయ్యాక తాగుతానండి" అంది. చేతులు కడుక్కుని వచ్చి, వాటిని దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీపాయ్ మీద తెల్లగుడ్డ కింద రొట్టె, పక్కన గ్లాసులో ద్రాక్షరసం. వచ్చినవాళ్ళం అందరం ఆడవాళ్ళమే. అమ్మ, కింది వీధిలో ఉండే ఇద్దరు నర్సులు, నేను, ఆంటీ. మగవాళ్ళెవరూ రాలేకపోయారు. ప్రసాదు అంకుల్‌కి రెస్టారెంటులో డ్యూటీ. నాన్న ఎక్కిన కంపెనీ బస్సు అహ్మది దాటాక రోడ్డు కనపడక ఆగిపోయింది. ఫోను చేశాడు. "వచ్చేస్తున్నాను, నేను లేకుండా మొదలుపెట్టకండి" అన్నాడు. మొదలుపెట్టే వీలు మాకెలాగూ లేదు. కృతజ్ఞతాస్తుతులు చెల్లించి రొట్టె విరవడం సహోదరుల పని, అది మా సంఘంలో మడిచిన వేళ్ళలో ఒక వేలు.

పాటలు పాడాం. తెలిసినవి అయిపోయాక మళ్ళీ మొదటిది పాడాం. నర్సుల్లో చిన్నావిడ, ఫోను స్పీకర్లో పెడితే బ్రదర్ గారు అక్కణ్ణుంచే ప్రార్థన చేస్తారు కదా అంది. అది చెల్లుతుందా చెల్లదా అని మేం మాట్లాడుకుంటుండగా నాన్న ఫోను అందకుండా పోయింది. నేను, పోనీ నేనే మీసం పెట్టుకుని చేస్తాను అన్నాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆంటీ తెల్లగుడ్డ వైపే చూస్తోంది. అమ్మ రెండుసార్లు లేచి టీపాయ్ దాకా వెళ్ళి, గుడ్డ అంచు సర్ది, మళ్ళీ వచ్చి కూర్చుంది. రోజూ కాన్పుల వార్డులో ఎంతమంది పిల్లల్ని ఆ చేతుల్తో బయటికి తీస్తుందో నాకు తెలుసు. ఆ గుడ్డ మాత్రం తీయలేకపోయింది.

దుమ్ము పెరుగుతోందని డ్రైవరు ముందే వచ్చేశాడు. హారన్ వినపడింది. మళ్ళీ వినపడింది. ఆంటీ లేచింది.

"కొంచెంసేపు ఆగమను" అంది అమ్మ.

"ఆగడండి. మామా ఆడిని తిడతాది." చున్నీ సర్దుకుంది. "ఇంకోసారి వత్తానులెండి."

టీ కూడా తాగలేదు. అమ్మ రెండు అరటిపళ్ళు ఆమె సంచిలో పెట్టింది. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆంటీ నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

నాన్న వచ్చేసరికి కనుబొమల మీద ఇసుక పేరుకుని ముసలివాడిలా ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే హాల్లోకి వచ్చి, గుడ్డ తీయని రొట్టెను చూశాడు.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళింది."

"నలుగురున్నారు కదా మీరు. ఎవరో ఒకరు విరిచి ఇచ్చి పంపాల్సింది."

 అమ్మ మెల్లగా అంది. "సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని చెప్పినప్పుడు, దుమ్ము లేచిన రోజు తప్ప అని మీరు చెప్పలేదండీ."

ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద అరుపు నేనెప్పుడూ వినలేదు. అమ్మ గొంతు మాత్రం కొంచెం కూడా పెరగలేదు.

ఆంటీ ఇంకోసారి రాలేదు. మామా తల్లి మంచాన పడింది, సెలవులన్నీ ఆగిపోయాయి. ఆమె పోయాక ఆ ఇంటికి పనివాళ్ళు ఎక్కువయ్యారు, ఆంటీ ఇఖామాకి, అంటే ఇక్కడ ఉండే పర్మిట్‌కి, మామా మళ్ళీ డబ్బు కట్టలేదు. ఎయిర్‌పోర్టు నుంచి అమ్మకి ఫోను చేసింది. నాన్నకి ఇవ్వనా అంటే, "వందనాలు చెప్పండి, ఆరిని కంగారుపెట్టకండి" అందట. ఆ తర్వాతి శుక్రవారం నాన్న ఎవరికీ ముందుగా చెప్పకుండా అమ్మని రొట్టె కాల్చమన్నాడు. పౌలు కొరింథువాళ్ళకి రాసిన భాగం తీశాడు. అయోగ్యంగా తినేవాళ్ళ మాట దగ్గర ఆపడం ఆయనకి అలవాటు. ఆరోజు ఆపకుండా కిందికి చదువుకుంటూ పోయాడు. భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండని పౌలు చెప్పిన చోటికి వచ్చాక బైబిలు మూశాడు. రొట్టె విరిచాడు. హాలు నిండా ఉన్న పనివాళ్ళు అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు, కొందరు ఏడ్చారు. ఎందుకు మార్చాడో ఒక్క వేలు కూడా మడిచి చెప్పలేదు. తర్వాతి వారం నుంచి రెండు కుటుంబాలు మానేశాయి, ఆదివారాన్ని కాపాడటానికి వేరే ఫ్లాటులో కూడుకున్నాయి. మా సంఘం అలా చీలింది. ప్రతి చీలికకీ పెద్ద కారణం ఉంటుందనుకుంటారు చదివేవాళ్ళు. మా దానికి కారణం రాజోలు వెళ్ళే బస్సులో ఉంది, ఆమెకే తెలియదు.

ఇప్పుడు మేం సిటీలో చర్చి కాంపౌండుకి వెళ్తున్నాం. గంటకో భాష వంతు. మా వంతు శుక్రవారమే. రొట్టె విరవడం కూడా పోయింది, రసమూ బిళ్ళా కలిపి మూతవేసిన ప్లాస్టిక్ కప్పులు ట్రేల్లో వస్తాయి. పైపొర తీస్తే బిళ్ళ, కిందిపొర తీస్తే రసం. కిందిపొర ముందు తీసినవాళ్ళ సంగతి వాళ్ళ చొక్కాలు చెప్తాయి. ఏ రోజు, ఎవరి చేయి, మునిగారా చిలకరించుకున్నారా అని ఎవరూ అడగరు. మా చిన్నప్పటి కంటే ఇది మేలే అనుకుంటాను. కానీ ఒక ముక్క కోసం ఆకలితో చేతులు కడుక్కుని కూర్చునే మనిషి కూడా ఇప్పుడు నాకు కనపడదు. ఆ పట్టింపూ ఈ ఆకలీ కలిసే పోవాలా అన్నది నాకు తేలలేదు.

కబురు వచ్చిన రోజు నాన్న నన్ను ఒకే పని అడిగాడు. ఆమె కొడుక్కి ఫోను చేసి, ఊళ్ళో ఆమె సంస్కారం తీసుకునేదో లేదో కనుక్కోమన్నాడు. అమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. స్పీకర్లో పెట్టాను. కొడుకు పేరు ప్రకాష్, మంచివాడు, అమ్మ చివరిరోజుల్లో బాధపడలేదనే ముందు చెప్పాడు. నేను అడిగాను.

"గుడికెళ్ళేదండి ప్రతివారం. సంస్కారం రోజున మాత్రం ముందు బెంచీలోంచి లేచి యెనక్కెళ్ళి కూచునేది. మా గుడి అయ్యగారు అడిగితే, నా బల్ల కువైట్లో ఉందండి, ఎల్లినప్పుడు తీసుకుంటాను అనేది. ఆ వయసులో వీసా ఎవరిత్తారమ్మా అని మేం నవ్వేవోళ్ళం." తర్వాత తనే అడిగాడు. "మీ దగ్గర ఇంకా ఆదివారమేనాండి?"

"లేదండి. శుక్రవారమే. చాలా ఏళ్ళయింది."

"అవునాండి," అన్నాడు ప్రకాష్. "అమ్మకి తెలీదనుకుంటానండి."

  నాన్న గోడ మీద చెయ్యి ఆనించి, "ఒక్క ఫోను చేసుంటే" అన్నాడు.  అమ్మ ఆయనకి కుర్చీ జరిపింది. 

అప్పట్నుంచి నాన్న చర్చిలో కప్పు తీసుకోవడం లేదు. ట్రే వస్తే పక్కకి అందిస్తాడు. మా పాస్టర్ గారు కుర్రాడు, ఏదైనా సిద్ధాంతపరమైన ఇబ్బందా బ్రదర్ అని మర్యాదగా అడిగాడు. "ఇబ్బందేం లేదయ్యా. ఆగుతున్నాను" అన్నాడు నాన్న. ఎంతకాలం అని ఆయన అడగలేదు. అడిగినా నాన్న దగ్గర లెక్క ఉండదు.

మొన్న శుక్రవారం మా వరసలో చివర ఒక కొత్తమ్మాయి కూర్చుంది. ఏదో ఇంట్లో పనిచేస్తున్నట్టుంది, ఫోను చేతిలోనే ఉంది, అది రెండుసార్లు వణికింది, బయట డ్రైవరు కాబోలు. ట్రేలు ఇంకా ముందు వరసల్లోనే ఉన్నాయి. ఆమె సంచీ భుజాన వేసుకుని, లేవాలా వద్దా అని సగం లేచి ఉంది. నాన్న లేచి, ముందుకి నడిచి, పాట మధ్యలో ట్రే పట్టుకున్న అతని దగ్గర ఒక కప్పు తీసుకున్నాడు. జనమంతా చూస్తున్నారు. పాస్టర్ గారు కూడా పాట ఆపారు. నాన్న వెనక్కి వచ్చి, పైపొర తానే ఊడదీసి, ఆమె చేతికిచ్చాడు.

"ఇంకా ప్రార్థన చెయ్యలేదు కదండీ" అందా అమ్మాయి భయంగా.

"వాళ్ళు చేస్తార్లే. నువ్వు తినమ్మా," అన్నాడు నాన్న. "నీ బండి వచ్చేసింది."